ఊపిరి బిగపట్టండి

పగలంతా నా నోట ఒకటే పాట:
గడ్డం పైకి, భుజాలు ముందుకి,
ఊపిరి బిగపట్టండి.
తలుపు వెనక్కి పోయి మీట నొక్కుతాను.
ఇక వదిలేయండి.
పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో పంతొమ్మిదేళ్లు.
ఎవరి పక్కటెముక ఎక్కడ చిట్లిందో చెప్పగలను,
ఎదురుపడితే మనిషిని పోల్చుకోలేను.

తెల్లారగట్ల కంచరపాలెం ఇంట్లో
ఆ మాట నాకు నేనే చెప్పుకుంటాను.
వంటింటి కిటికీ ఊచల్లోంచి పెరట్లోకి కెమెరా మూతి పెట్టి,
పాలు పొంగేలోగా
మందారం మీద తేనెపిట్ట ఒక్క రెప్పపాటు ఆగుతుందేమోనని.
దాని గడ్డం పట్టుకుని పైకెత్తేదెవరు?

కెమెరా సన్యాసిరావుది.
పదిహేనేళ్లు పెళ్లిళ్లు తీసి విసుగెత్తి
ఆటో కొనుక్కుని, దీన్ని నాకు అమ్మేశాడు.
"నవ్వమంటే నవ్వేవోళ్లకి అలవాటు పడ్డ కెమెరా మేడమ్,
పిట్టలకి ఏటవుద్దో చూడండి" అన్నాడు.
సంచి అడుగున, ఎవరి పెళ్లివో,
ఏడెనిమిది అక్షింతలు దొరికితే
గోడ మీద పిచ్చుకలకి వేశాను.

మొదటి మూడు నెలల ఫోటోలు:
ఖాళీ కొమ్మ. ఖాళీ కొమ్మ. తోక.
చెదిరిన కొమ్మ, అంటే అప్పుడే ఎగిరిందన్నమాట.
అన్నింటి వెనకా దండెం మీద
పక్కింటి వరహాలమ్మ నారింజరంగు నైటీ.
"ఏటే, ఉత్త కొమ్మలకి ఫోటోలేటే?" అంటుందావిడ.
పోర్టు వైపునుంచి గాలి తిరిగిన రోజు
ఆకుల మీద, నైటీ మీద, పిగిలిపిట్ట బుగ్గ మీద
ఒకే బొగ్గు పొడి.

ఆదివారం మొదటి బస్సుకి ముడసర్లోవ.
అక్కడ ఆకురంగు చొక్కాలు,
చంటిపిల్లల్లా చంకనేసుకున్న లెన్సులు,
ఇంగ్లీషులో గుసగుసలు.
తీగ మీది పచ్చటిదాన్ని చూసి
"పసిరిక" అన్నాను, పైకే అనేశాను.
ఒక కుర్రాడు వెనక్కి తిరిగి
స్పెల్లింగ్ అడిగి పుస్తకంలో రాసుకున్నాడు.
మా అమ్మమ్మ పిలిచే పేర్లు ఇంకా ఎన్ని మిగిలాయో
ఆ ఉదయమంతా వెతుక్కున్నాను,
నీళ్ల మీద కాదు, నోట్లో.

హుద్‌హుద్ నాడు నేను డ్యూటీలో ఉన్నాను.
జనరేటర్ గుడగుడల మధ్య
రేకులు కోసిన భుజాలు, గోడ కూలిన కాళ్లు.
ఊపిరి బిగపట్టండి, వదిలేయండి, తరవాతి వాళ్లు రండి.
మర్నాడు నడిచి ఇంటికొస్తే
పెరట్లో బాదం చెట్టు
వేళ్లు పైకి పెట్టుకుని పడుంది.
వారం రోజులు ఒక్క కూతా లేదు.
అది పిట్ట పేరని పేపర్లో చదివి
పేపరు మడతపెట్టేశాను.
ఏ పిట్టయితే నాకేం.

ఈ కార్తీకంలో ఒక పొద్దున,
బాదం చెట్టు పడ్డ గుంటలో,
ఎంత మట్టి పోసినా ఏటా కుంగే ఆ మెత్తటి చోట,
జానెడు పిట్ట ఒకటి
దబ్బనం మూతితో నేల కుడుతోంది.
రెక్కల మీద చారలు.
మూడడుగులు, ఒక పోటు, మళ్లీ మూడడుగులు.
కూకుడుగువ్వ.
ఈ పేరు నోటికి రావడమూ
దాని రెండో పేరు గుర్తుకు రావడమూ ఒకేసారి.
ఇదా?
ఊరంతటినీ ఊడ్చిపోయినదానికి
పేరు అరువిచ్చింది ఇదా, ఇంతదా?
కోపం తెచ్చుకుందామంటే రాలేదు.
ఊపిరి బిగపట్టాను.
వెనక పాలు పొంగి స్టవ్ మీద చుయ్యిమన్నాయి.
ఆ చప్పుడుకి అది తల మీది కుచ్చు
విసనకర్రలా విప్పింది.
నొక్కాను.

ఫోటో చూసి వరహాలమ్మ మురిసిపోయింది,
"నా నైటీ బాగా పడిందే!"
నిజమే. కుచ్చుదీ నైటీదీ ఒకే రంగు.
పిట్ట ఎక్కడ అయిపోయిందో
గుడ్డ ఎక్కడ మొదలైందో తెలీదు.

అయినా ప్రింటు తీయించి
ఎక్స్‌రే గదిలో, నిలబడ్డవాళ్ల కళ్లకెదురుగా అంటించాను.
నిన్న, జామచెట్టు మీంచి పడ్డ గుంటడొకడు
ఏడుపు మధ్యలో ఆపి
"దానికి ఎముకలుంటాయా?" అన్నాడు.
ఉంటాయిరా, లోపల బోలు, ఉత్త గాలి.
ఊపిరి బిగపట్టు, అని తలుపు వెనక్కి పోయాను.
తెర మీద వాడి పక్కటెముకలు
ఒక్కటీ విరక్కుండా తెల్లగా తేలుతుంటే
చూస్తూ, రెండో మాట మర్చిపోయాను.
తొంగి చూస్తే
బుగ్గలు పూరీల్లా పొంగించుకుని
పిట్ట వైపే చూస్తూ
ఇంకా బిగపట్టే ఉన్నాడు.